వాట్సాప్‌లో మూడు థంబ్స్అప్‌లు, ఫారం మీద నా సంతకం

ఈసారి ఉత్తరం అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. రాసింది ఎం.ఎస్. రెండో ఏడు చదువుతున్న తెలుగమ్మాయి. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం మాత్రం చెబుతాను.

కిందటి ఏప్రిల్ ఎన్నికల్లో ఈమె గ్రాడ్యుయేట్ స్టూడెంట్ గవర్నమెంట్‌కి ట్రెజరర్‌గా గెలిచారు. నిలబడాలన్న ఆలోచన తనది కాదట. ఇప్పుడు ప్రెసిడెంట్‌గా ఉన్నది విజయవాడ వైపు నుంచి వచ్చిన పీహెచ్‌డీ సీనియర్. ఈమె అమెరికాలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి కారు తెచ్చిందీ, గది దొరికేదాకా తెలిసినవాళ్లింట్లో చోటు చూపించిందీ ఆయనే. "మా ప్యానెల్‌లోకి రామ్మా, లెక్కలు నువ్వు చూసుకుందువుగాని" అంటే కాదనలేకపోయారు. బోర్డులో మొత్తం ఐదుగురు: ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్, బయటి వ్యవహారాలు చూసే మరొకరు.

గొడవ దీపావళి దగ్గర మొదలైంది. క్యాంపస్‌లోని భారతీయ విద్యార్థుల సంఘం దీపావళి కార్యక్రమానికి 4,000 డాలర్లు అడిగింది. ఒక కార్యక్రమానికి 1,500 మించి ఇవ్వకూడదని వీళ్ల నియమం. సెప్టెంబర్‌లో ఆఫ్రికన్ విద్యార్థుల సంఘం 2,200 అడిగితే ఇదే బోర్డు 1,500 దగ్గర ఆపింది. "నియమం అందరికీ ఒకటే" అని వాళ్లకి మెయిల్ రాసింది ఈమే. ఇప్పుడు మాత్రం ఒక రాత్రి 11:40కి ప్రెసిడెంట్ బోర్డు వాట్సాప్ గ్రూపులో "1,500 మామూలుగా ఇచ్చేద్దాం, మిగతా 2,500 కంటిన్‌జెన్సీ నుంచి సర్దుదాం, ఓకేనా?" అని పెట్టారు. కంటిన్‌జెన్సీ అంటే అనుకోని ఖర్చుల కోసం పక్కన పెట్టిన డబ్బు. ఆయనదే ఒక థంబ్స్అప్, ఇంకో ఇద్దరివి రెండు. సెక్రటరీ మెసేజ్ చూసి ఊరుకున్నారు. ఈమె కూడా ఊరుకున్నారు. తెల్లారేసరికి డబ్బు విడుదల చేసే ఫారం వచ్చేసింది. "ఎగ్జిక్యూటివ్ బోర్డు ఆమోదించింది" అనే గడిలో టిక్కు పెట్టి ఉంది. కింద ట్రెజరర్ సంతకానికి గీత ఒక్కటే ఖాళీ.

తొమ్మిది రోజులుగా ఆ ఫారం ఈమె దగ్గరే ఉంది. ఈలోగా భారతీయ సంఘంలో డబ్బులు చూసే కుర్రాడు క్యాటరింగ్‌కి 800 డాలర్ల అడ్వాన్సు తన క్రెడిట్ కార్డు మీద కట్టేశాడు, రోజూ ఫోన్ చేస్తున్నాడు. "మనవాళ్లు బోర్డులో ఉండి కూడా మనకి పని కాకపోతే ఎలా అక్కా?" అంటున్నాడు. ఇంకో చిక్కు ఏమిటంటే, పోయినేడాది ఈమె ఆ సంఘంలోనే కల్చరల్ కోఆర్డినేటర్. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "నీకెందుకే ఆ పదవి, వదిలేసి చదువుకో" అన్నారట. ఒక్క వాక్యంలో ఇంకో సంగతి కూడా చెప్పారు: వారానికి 20 గంటల టీచింగ్ అసిస్టెంట్ పని చేస్తున్నారు, దానిపైన ఈ పదవికి సెమిస్టర్‌కి 600 డాలర్ల స్టైపెండ్ వస్తోంది.

సంతకం పెడితే ఏమవుతుంది, పెట్టకపోతే ఏమవుతుంది, వీసాకి ఏమైనా ఇబ్బందా, తను అన్నా అని పిలిచే ఆ ప్రెసిడెంట్‌తో చెడకుండా దారి ఉందా? ఇవీ ప్రశ్నలు.

మీరు అడిగిన వరుస పక్కన పెట్టి, ముందు వీసా సంగతి మాట్లాడతాను. ఎందుకంటే మీరు భయపడుతున్న చోట పెద్ద ప్రమాదం లేదు. భయపడాల్సిన చోటేమో మీరు ఒక్క వాక్యంతో దాటేశారు.

ఫారం మీద సంతకం చేయకుండా ఆపినందుకు ఎవరి ఎఫ్-1 (విద్యార్థి వీసా) హోదా పోదు. అది విద్యార్థి సంఘం లోపలి వ్యవహారం. తెలిసి తెలిసి అబద్ధపు ఫారం మీద సంతకం పెట్టి, అది క్రమశిక్షణ చర్యదాకా వెళ్లి, సస్పెన్షన్‌దాకా పోతే, అప్పుడు చదువు ఆగుతుంది కాబట్టి హోదాకీ ఎసరు వస్తుంది. మీరు అంత దూరం వెళ్లలేదు, వెళ్లరు కూడా. కానీ ఆ 600 డాలర్లున్నాయి చూశారా, వాటి సంగతి వేరు. క్లాసులు నడుస్తున్న రోజుల్లో ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. మీ టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) పనితోనే ఆ 20 నిండిపోయాయి. పదవికిచ్చే స్టైపెండ్‌ని కొన్ని యూనివర్సిటీలు జీతంగా లెక్కేసి పేరోల్‌లో పెడతాయి, కొన్ని స్కాలర్‌షిప్‌లాగా ఫీజు ఖాతాలో వేస్తాయి. పేరోల్‌లో ఉంటే ఆ గంటలు కూడా మీ 20లోకే రావచ్చు. మీ దగ్గర ఏ పద్ధతో మీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు మాత్రమే చెప్పగలదు. సీనియర్లని అడక్కండి, అక్కడి అడ్వైజర్‌కి ఇవాళే మెయిల్ పెట్టండి. టీఏ గంటలెన్ని, స్టైపెండ్ ఎంత, అది ఎలా చేతికొస్తోంది అని మూడు ముక్కలు రాస్తే చాలు. జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. లెక్కలోకి వస్తుందంటే స్టైపెండ్ వదులుకుని పదవిలో కొనసాగవచ్చా అని అక్కడే అడగండి.

ఇక అసలు విషయం. ఉత్తరంలో మీరు "నా సంతకం" అని చాలాసార్లు రాశారు. "బోర్డు మీటింగ్" అన్నమాట మాత్రం ఒక్కసారీ రాయలేదు. తొమ్మిది రోజులుగా మీరు మోస్తున్నది మీది కాని బరువు అని నాకు అక్కడే అర్థమైంది. 4,000 ఇవ్వాలా వద్దా అన్నది తేల్చాల్సింది ఐదుగురి బోర్డు. బోర్డు తేల్చిందా లేదా అని కాగితం మీద సాక్ష్యం చెప్పడం మీ పని. ఆ నిర్ణయం మీటింగ్‌లో జరగలేదు కాబట్టి ఐదుగురి బరువూ వచ్చి మీ ఒక్కరి గీత మీద పడింది.

మన దగ్గర చదువుకుని వెళ్లిన చాలామందికి ఇది కొత్తగా ఉండటంలో వింత లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కొన్ని చోట్ల తప్ప తెలుగు రాష్ట్రాల్లో చాలా క్యాంపస్‌లకి విద్యార్థి సంఘం ఎన్నికలంటే దశాబ్దాల కిందటి ముచ్చట. ఇంజనీరింగ్ కాలేజీలో మనం చూసింది క్లాస్ రిప్రజెంటేటివ్‌ని. హెచ్ఓడీ దగ్గరికి వెళ్లి పని చేయించుకురాగలిగినవాడే లీడర్. అమెరికాలో స్టూడెంట్ గవర్నమెంట్ పేరుకే కాదు, కట్టడంలో కూడా ప్రభుత్వాన్ని చూసి పెట్టుకున్నదే. డిపార్ట్‌మెంట్ల నుంచి వచ్చే ప్రతినిధులతో సెనేట్ లేదా అసెంబ్లీ ఉంటుంది. బడ్జెట్ పాస్ చేసేదీ, నియమాలు మార్చేదీ సాధారణంగా అదే. దాని రెండు సమావేశాల మధ్య పనులు నడిపేది ఎగ్జిక్యూటివ్ బోర్డు. నియమాలకి అర్థం చెప్పడానికి చాలా చోట్ల ఒక జ్యుడీషియల్ బోర్డు కూడా ఉంటుంది. వీటన్నిటి పక్కన స్టూడెంట్ అఫైర్స్ నుంచి ఒక స్టాఫ్ అడ్వైజర్ కూర్చుంటారు. ఆయనకో ఆమెకో ఓటు ఉండదు గానీ డబ్బు కదిలే దారి మొత్తం వాళ్లకి తెలుసు.

ఇందులో ప్రెసిడెంట్ అంటే బోర్డుకి యజమాని కాదు. మీటింగ్ నడుపుతారు, సంస్థ తరఫున మాట్లాడతారు, బైలాస్‌లో, అంటే సంఘం రాసుకున్న నియమావళిలో, పేరు పెట్టి ఇచ్చిన అధికారాలు వాడతారు, అంతే. బైలాస్‌లో లేని అధికారం ప్రెసిడెంట్‌కి లేదు, మీకూ లేదు. అందుకే నేను చెప్పబోయేదానికన్నా ముందు మీరు చేయాల్సింది, ఒక టీ పెట్టుకుని బైలాస్ తెరవడం. ఇరవై ముప్పై పేజీలుంటాయేమో, అన్నీ చదవక్కర్లేదు. కోరం (మీటింగ్ చెల్లడానికి ఉండాల్సిన కనీస సభ్యులు) ఎంత, మీటింగ్ బయట ఓటు చెల్లుతుందా, కంటిన్‌జెన్సీ ఖర్చు ఎవరి చేతిలో ఉంది, ట్రెజరర్ విధులేమిటి అన్న చోట్లు గుర్తు పెట్టుకోండి.

1,500 పరిమితి ఎక్కడ రాసి ఉందో అన్నిటికన్నా జాగ్రత్తగా వెతకండి. అది బైలాస్‌లోనే ఉంటే ఐదుగురూ ఏకగ్రీవంగా తలూపినా 4,000 ఇవ్వడం కుదరదు. బైలాస్‌ని సవరించాలే తప్ప ఒక రాత్రికి పక్కన పెట్టడం ఉండదు. సెనేట్ పాస్ చేసిన ఫైనాన్స్ నియమాల్లో ఉంటే సడలింపు ఇవ్వాల్సింది సెనేట్. బోర్డు తన సౌకర్యం కోసం పెట్టుకున్న మార్గదర్శకమే అయితే బోర్డు మార్చుకోవచ్చు. ఈ మూడింటిలో ఏదన్నది తెలిస్తే మీ గొడవ సగం అక్కడే తేలిపోతుంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఇలాంటి బోర్డుల్లో నెలల తరబడి వాదించుకునేవాళ్లుంటారు గానీ ఆ పేజీ తెరిచి చూసేవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఆ థంబ్స్అప్‌ల దగ్గరికి వద్దాం. అమెరికాలో విద్యార్థి సంఘాలు చాలావరకు తమ బైలాస్‌లో చెప్పనిచోట సభలు నడిపే నియమాల పుస్తకం రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్‌ని అనుసరిస్తామని రాసుకుంటాయి. దీన్ని రాసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ లాయరు కాదు, ఆర్మీ ఇంజనీరు. 1863లో మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫోర్డ్‌లో ఒక చర్చి సభకి ఉన్నట్టుండి అధ్యక్షత వహించమంటే ఎలా నడపాలో తెలియక తలపట్టుకున్నాడు. ఆ అవమానంతో మొదలుపెట్టి 1876కి పుస్తకం తెచ్చాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఈ నియమాలు పెద్దమనుషుల దర్జా కోసం పుట్టినవి కావు, మీలాగే మధ్యలో ఇరుక్కున్నవాడు రాసుకున్నవి.

ఆ పుస్తకం ప్రకారం బోర్డు సభ్యుల్ని విడివిడిగా అడిగి పోగుచేసిన ఒప్పుకోళ్లు బోర్డు నిర్ణయం కావు. కారణం సూటిగా ఉంటుంది: వాళ్లంతా ఒకచోట ఉండి ఒకరి మాట ఒకరు విని వాదించుకునే అవకాశం రాలేదు. బైలాస్ అనుమతిస్తే జూమ్‌లో కూర్చోవచ్చు, అక్కడ ఒకరి గొంతు ఒకరికి వినిపిస్తుంది. గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టడం మీటింగ్ కాదు. మీ బైలాస్‌లో "అత్యవసరమైతే ఈమెయిల్ ద్వారా ఓటింగ్ చేయవచ్చు" లాంటి వాక్యం ఉంటే కథ కొంత మారుతుంది. అయినా వాట్సాప్ దానికిందికి వస్తుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మీ ఐదుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు కదా, మెజారిటీ ఉంది కదా అని అన్న అనవచ్చు. లెక్క సరే, కానీ ఆ లెక్క మీటింగ్‌లో తేలాలి.

ఇందులో మీకు ఊరటనిచ్చే మాట ఒకటుంది. తొందరపడి ముందుకెళ్లిన పనిని తర్వాత సరైన మీటింగ్‌లో ధ్రువీకరించవచ్చు. దాన్ని రాటిఫై చేయడం అంటారు. అంటే అన్న చేసింది మోసమని ఎవరూ ముద్ర వేయక్కర్లేదు. అడ్డదారిన పోయినదాన్ని రోడ్డెక్కించే ఏర్పాటు నియమాల్లోనే ఉంది. ఒకటే షరతు: మొదటి నుంచీ బోర్డు చేతిలో లేని అధికారాన్ని ధ్రువీకరణతో తెచ్చుకోలేరు. అందుకే ఆ 1,500 ఎక్కడ రాసి ఉందో ముందు చూడమన్నాను.

ఇక మీకు కాస్త చేదుగా ఉండే మాట. నిరుడు మీరు ఆ సంఘం కల్చరల్ కోఆర్డినేటర్. ఆ సంఘానికి డబ్బిచ్చే విషయంలో మీరు ఓటు వేయకపోవడమే మంచిది. డబ్బు మీ జేబులోకి రావడం లేదు కాబట్టి రాబర్ట్స్ రూల్స్ మిమ్మల్ని గట్టిగా ఆపవు, కానీ చాలా యూనివర్సిటీలకి సొంత నియమం ఉంటుంది, అది ఇంకా కఠినంగా ఉండొచ్చు. నియమం లేకపోయినా మీరే మీటింగ్‌లో "నిరుడు ఆ సంఘంలో పదవిలో ఉన్నాను, అందుకని దీనిమీద ఓటు వేయను, లెక్కలు అడిగితే చెబుతాను" అనేయండి. దాన్ని మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో, రాయించండి. ప్రెసిడెంట్ ఆ సంఘంలో ఇప్పుడేమైనా పదవిలో ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే ఇదే మాట ఆయనకీ వర్తిస్తుంది. మీరు ముందు మీ సంగతి చెప్పుకుంటే, ఆయన్ని ఎత్తిచూపకుండానే ఆయనకి దారి చూపించినట్టవుతుంది.

ఆఫ్రికన్ విద్యార్థుల సంఘం సంగతి మీరు ఒక్కసారే ప్రస్తావించారు. నా దృష్టిలో ఉత్తరం మొత్తానికీ అదే గుండెకాయ. మీ దగ్గర ఉన్న డబ్బు ప్రతి గ్రాడ్యుయేట్ విద్యార్థీ ఇష్టమున్నా లేకపోయినా కట్టే యాక్టివిటీ ఫీజు నుంచి వచ్చింది. ఇష్టంలేని సంఘాలకి కూడా నా ఫీజు ఎందుకు పోవాలని విస్కాన్సిన్ యూనివర్సిటీ విద్యార్థులు కోర్టుకెక్కారు. సౌత్‌వర్త్ కేసంటారు దాన్ని. 2000లో అమెరికా సుప్రీంకోర్టు, పబ్లిక్ యూనివర్సిటీ అలాంటి ఫీజు వసూలు చేయవచ్చు గానీ, పంచేటప్పుడు సంఘాల అభిప్రాయాలు చూసి ఎక్కువ తక్కువలు చేయకూడదని చెప్పింది. మీ కేసు సరిగ్గా అదేనని నేననను. అది భావాల మీద వివక్ష గురించిన తీర్పు, మీది భోజనాలూ హాలూ. కానీ మనకి నచ్చినవాళ్లకి ఒక కొలత, మిగతావాళ్లకి ఇంకో కొలత పెడుతున్నారన్న ఫిర్యాదు వచ్చిందంటే పబ్లిక్ యూనివర్సిటీలో అధికారులు ఉలిక్కిపడి లేచేది ఇలాంటి తీర్పుల వల్లే. సెప్టెంబర్‌లో "నియమం అందరికీ ఒకటే" అని మీ పేరుతో వెళ్లిన మెయిల్ వాళ్ల ఇన్‌బాక్స్‌లో ఇంకా ఉంది. దీపావళి ఫొటోలు ఇన్‌స్టాలో పడ్డాక ఎవరో ఒకరు అడుగుతారు.

కాబట్టి మీ ముందున్న దారులు చూద్దాం.

సంతకం పెట్టేయడం ఒకటి. తాత్కాలికంగా అందరూ సంతోషిస్తారు. చాలాసార్లు ఎవరూ అడగరు కూడా, ఆ మాట దాచను. కానీ ఫారంలో "బోర్డు ఆమోదించింది" అని ఉంది. ఆ ఆమోదం ఏ తేదీ మీటింగ్‌లో జరిగిందని యూనివర్సిటీ అకౌంట్స్ ఆఫీసు అడిగితే చూపించడానికి మినిట్స్ లేవు. ఆ రోజు థంబ్స్అప్ పెట్టినవాళ్లెవరూ మీ పక్కన నిలబడరు. సంతకం పెట్టింది మీరు, ట్రెజరర్ మీరు. అంతకన్నా ఇబ్బంది, ఈసారి పెడితే వచ్చే సెమిస్టర్‌లో రాత్రి 11:40 మెసేజ్‌లు ఇంకా వస్తాయి.

ఇప్పుడు చేస్తున్నట్టే ఫారాన్ని డ్రాయర్లో పెట్టుకుని ఊరుకోవడం ఇంకొకటి. దీన్ని మీరు తటస్థంగా ఉండటం అనుకుంటున్నారేమో. బయటినుంచి చూసేవాళ్లకి అది బోర్డు నిర్ణయాన్ని ట్రెజరర్ ఒక్కతే తొక్కిపెట్టినట్టు కనిపిస్తుంది. బోర్డు నిర్ణయం లేకుండా సంతకం పెట్టే అధికారం మీకెలా లేదో, కారణం చెప్పకుండా ఆపే అధికారం కూడా అలాగే లేదు. ఈ తొమ్మిది రోజుల్లో ఒక్క వాక్యం మెయిల్ పెట్టి ఉంటే మీరిప్పుడు చాలా బలంగా ఉండేవారు. పదో రోజైనా పెట్టవచ్చు.

మూడోది, విషయాన్ని మీటింగ్‌కి తేవడం. నేను మొగ్గేది ఇటువైపే, కానీ దీనికీ ఖర్చుంది. సెక్రటరీకి, ప్రెసిడెంట్‌కి కలిపి మెయిల్ రాయండి: "దీపావళి నిధుల ఫారం నా దగ్గరుంది. మీటింగ్ మినిట్స్ జతచేయకుండా సంతకం చేయలేను. దయచేసి దీన్ని వచ్చే మీటింగ్ అజెండాలో పెట్టండి. కంటిన్‌జెన్సీలో ఎంత మిగిలిందో, 1,500 పరిమితి గురించి నియమం ఏం చెబుతుందో నేను ఆ రోజు చెబుతాను." ఇంతే. ఎవరు తప్పు చేశారన్న మాట అందులో రానివ్వకండి. వాట్సాప్‌లో పెట్టకండి, మెయిల్‌లోనే పెట్టండి. మీటింగ్‌లో ముగ్గురూ మళ్లీ అవునంటే, అది బోర్డు చేయగలిగిన పనే అయితే, మీకు నచ్చకపోయినా సంతకం చేయాల్సి రావచ్చు. అందుకు సిద్ధపడే వెళ్లండి. అప్పుడు మీ సంతకం "నేను ఒప్పుకున్నాను" అని చెప్పదు, "బోర్డు ఫలానా తేదీన తీర్మానించింది" అని మాత్రమే చెబుతుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ మీకు నిద్ర పట్టేది దానివల్లే. ఆ మీటింగ్‌లో ఆఫ్రికన్ విద్యార్థుల సంఘం పేరు తప్పకుండా ఎత్తండి. పరిమితి సడలిస్తే వాళ్ల దరఖాస్తుని కూడా మళ్లీ తీసుకుంటారా అని అడిగి, జవాబు రాయించండి. మినిట్స్‌లో ఎవరేం మాట్లాడారో మొత్తం ఉండక్కర్లేదు, ఏం తీర్మానించారో ఉంటే చాలు.

మెయిల్‌కి ప్రెసిడెంట్ జవాబివ్వకపోయినా, మీటింగ్ పెట్టకపోయినా స్టాఫ్ అడ్వైజర్ దగ్గరికి వెళ్లడం నాలుగో దారి. చాలామంది మనవాళ్లు దీన్ని చాడీలు చెప్పడం అనుకుంటారు. ఆ కుర్చీ అక్కడున్నదే దీనికోసం. అయితే వెళ్లే పద్ధతిని బట్టి ఫలితం మారుతుంది. "ప్రెసిడెంట్ ఇలా చేశారు" అని మొదలుపెడితే అది ఫిర్యాదు అవుతుంది, దాని వెనకాల విచారణ రావచ్చు. "ఇలాంటి ఫారానికి ఏ కాగితాలు జతచేయాలి?" అని అడిగితే అది ట్రెజరర్ అడగాల్సిన మామూలు ప్రశ్న. రెండోదానితో మొదలుపెట్టండి. మొదటిదానికి అవసరం పడకపోవచ్చు.

రాజీనామా సంగతి. మీ అమ్మగారు చెప్పింది కాదనను, చదువు ముందు. స్టైపెండ్ విషయంలో ఇంటర్నేషనల్ ఆఫీసు వద్దంటే, లేదా ఈ పని వల్ల మీ ప్రాజెక్టు నిజంగా వెనకబడితే, తప్పుకోవడంలో చిన్నతనం లేదు. కానీ ఈ ఫారం చేతిలో ఉండగా తప్పుకుంటే తర్వాత వచ్చేది ఎవరు? ఖాళీ పదవిని భర్తీ చేసే అధికారం కొన్నిచోట్ల ప్రెసిడెంట్‌దే. మీ స్థానంలో మొదటి రోజే సంతకం పెట్టేవాళ్లు రావచ్చు. వెళ్లదలచుకుంటే దీన్ని మీటింగ్‌దాకా తెచ్చి, లెక్కలు ఒప్పజెప్పి వెళ్లండి.

అన్న సంగతి మిగిలింది. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చిన మనిషితో ఇలాంటి మాట మాట్లాడటం ఎంత కష్టమో నాకు అర్థమవుతుంది. పరాయి ఊళ్లో మొదటి వారం మనకి అన్నం పెట్టినవాళ్లని మనం జన్మంతా గుర్తు పెట్టుకుంటాం, పెట్టుకోవాలి కూడా. కానీ ఆ రుణం మీ ఇద్దరి మధ్యది. మిగతా గ్రాడ్యుయేట్ విద్యార్థులు కట్టిన ఫీజులోంచి దాన్ని తీర్చలేరు. ఆయన దుర్బుద్ధితో చేశారని కూడా నాకనిపించడం లేదు. దీపావళి ఘనంగా జరగాలి, మనవాళ్లు సంతోషించాలి, తొందరగా తేలిపోవాలి అనుకున్నట్టున్నారు. అందుకే మెయిల్ పెట్టేముందు ఒక్కసారి వెళ్లి కలవండి, ఫోన్లో వద్దు. "అన్నా, నేను ఆపడానికి రాలేదు. ఇది రేపు ఎవరైనా అడిగితే నీ పేరే ముందొస్తుంది. మీటింగ్‌లో పెట్టేద్దాం, మినిట్స్ ఉంటే నీకూ నాకూ రక్షణ" అనండి. అది ఆయన్ని బుజ్జగించడానికి చెప్పే మాట కాదు, నిజంగానే ఆయన పేరే ముందొస్తుంది. ఆయన కోప్పడవచ్చు. "నేనే కదా నిన్ను ప్యానెల్‌లోకి తెచ్చింది" అనవచ్చు. అప్పుడు వాదించకండి, "అవునన్నా, అందుకే నీకు ముందు చెబుతున్నా" అని లేచి రండి, మెయిల్ మాత్రం ఆ రోజే పంపండి. కొన్ని వారాలు మాటలు తగ్గుతాయేమో. అది మీరు భరించగలిగినదే.

చివరగా ఆ 800 డాలర్ల కుర్రాడు. ఈ మొత్తంలో చేతి నుంచి డబ్బు పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది అతనొక్కడికే, అతని మీద విసుక్కోకండి. చాలా యూనివర్సిటీల్లో ఆమోదం రాకముందు సొంతంగా పెట్టిన ఖర్చుని తిరిగివ్వరు, క్యాటరింగ్ ఒప్పందం మీద విద్యార్థి సంతకం చెల్లదు కూడా. ఇది అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇవాళే చెప్పండి: ఇంకొక్క డాలరు కూడా కట్టొద్దు, కట్టినదానికి ఐటమ్‌వారీ రసీదు దాచుకో, క్యాటరర్‌ని అడ్వాన్సు వెనక్కి వస్తుందా, తేదీ మార్చవచ్చా అని అడుగు. 1,500 అయితే నియమం ప్రకారం రావడానికి అవకాశం బాగానే ఉంది, దానికి దరఖాస్తు సరిగ్గా పెట్టించండి. మిగతాదానికి టికెట్ పెట్టుకోవచ్చు, డిపార్ట్‌మెంట్లనీ ఇంటర్నేషనల్ ఆఫీసునీ కో-స్పాన్సర్ చేయమని అడగవచ్చు, భోజనాల మెనూలో రెండు ఐటమ్‌లు తగ్గించవచ్చు. నిరుడు కల్చరల్ కోఆర్డినేటర్‌గా ఏ హాలు ఎంతకొస్తుందో, ఎవరు డిస్కౌంటు ఇస్తారో మీకు తెలిసే ఉంటుంది. ఓటు వేయకూడదన్నాను గానీ, ఆ ఫోన్ నంబర్లు అతనికి ఇవ్వడానికి అడ్డేమీ లేదు.